ఎడమచేతి ముడి

డ్రైవర్ల విశ్రాంతి గది,
రేవు యార్డు.
మార్చి 4

ఆఫీసరమ్మా,

ఇక్కడ నేనూ, నా లారీ ఇద్దరం క్షేమం. బండికి వయసు తక్కువ కాబట్టి అది కాస్త ఎక్కువ క్షేమం.

మావయ్యకి ఫోను లేదా, ఉత్తరం రాస్తున్నాడేంటి అనుకోకు. ఫోనులో రెండు ముక్కలు మాట్లాడగానే "మీటింగుంది మావయ్యా" అంటావు. ఉత్తరానికి మీటింగు ఉండదు. పైగా ఈ యార్డు నుంచి మీ హెడ్డాఫీసుకి రోజూ కాగితాల సంచి వెళ్తుంది. అందులో పడేస్తే స్టాంపు ఖర్చు కూడా లేదు.

పోయిన నెల నువ్వు పంపిన నియమాల కాగితం ప్రతి బండిలో స్టీరింగు పక్కన అంటించారు. ఇరవై నియమాలు! నీకు సైకిలు నేర్పినప్పుడు నేను రెండే చెప్పాను. ముందు చూడు, కింద పడకు. వాటిల్లో రెండోది నువ్వు పాటించలేదనుకో, అది వేరే సంగతి.

బండి ఆపిన ప్రతిచోటా దిగాలట, చుట్టూ తిరగాలట, టైర్లు తట్టాలట, వెనక తలుపుకున్న సీలు పట్టి లాగాలట, దాని మీద నంబరు చదివి కాగితం మీద రాయాలట. మావాళ్ళలో ఒకడన్నాడు, "పెళ్ళాం చుట్టూ ఇన్నిసార్లు తిరిగుంటే ఇంట్లో గౌరవమన్నా దక్కేది." నేను నవ్వాను. మేనకోడలి నియమాలని నవ్వకూడదు గానీ, నవ్వు ఆగలేదు.

ఎందుకు పెట్టావో నాకు తెలుసులే. పోయినేడు పొడుగాయన బండిలో మందుల పెట్టెలు విప్పితే ఇసుక పొట్లాలు బయటపడ్డాయి. సీలు చెక్కుచెదరలేదు. దాంతో లోపలున్న సరుకు బయట నిలబడ్డ డ్రైవరే తినేశాడని తేల్చి ఆయన్ని ఇంటికి పంపేశారు. ఇరవై ఏళ్ళు నా పక్కన బండి ఆపినవాడు. అందరూ తల తిప్పుకుంటే నేనూ తిప్పుకున్నాను.

అయినా నీ సీలు నీది, నా ముడి నాది. సీలు వేశాక దాని కిందే రెండు తలుపుల పిడుల్నీ కలిపి ఒక తాడుముక్క కడతాను. మీ తాతయ్య దూడని కట్టేవాడే, ఆ ముడి. ముప్ఫై ఏళ్ళుగా అదే కడుతున్నాను. అది నీ ఇరవైలో లేదు, చూసుకో.

మీ అమ్మని అడిగానని చెప్పు. నా గురించి మంచిగా ఏమన్నా అంటే రాసి పంపు, అటక మీద దాచుకుంటాను.

ఇట్లు,
మావయ్య

*

భద్రతా విభాగం,
హెడ్డాఫీసు, మూడో అంతస్తు.
ఏప్రిల్ 2

మావయ్యా,

నీ ఉత్తరం మీటింగులోనే చదివాను. నవ్వు ఆపుకోలేక దగ్గు వచ్చినట్టు నటిస్తే పక్కాయన మంచినీళ్ళిచ్చాడు.

ఇక అసలు విషయం. నవ్వకుండా చదువు. నువ్వు నింపిన తనిఖీ కాగితాలు నా బల్ల మీదున్నాయి. పోయిన ట్రిప్పులో లోడింగు గుమాస్తా సరుకు కాగితం మీద సీలు నంబరు తప్పు రాశాడు. ఒకటి ఉండాల్సిన చోట ఏడు వేశాడు. నువ్వు ఆరుచోట్ల ఆగి ఆరుసార్లూ ఏడే రాశావు. సీలు మీద లేని అంకె ఆరుసార్లు ఎలా కనపడింది మావయ్యా? చూసి రాశావా, కాగితం చూసి రాశావా?

ఇంకోటి. ఆరో నియమం: ఆగిన చోటే ప్రతిసారీ ఆగొద్దు. నువ్వు పదకొండు ట్రిప్పుల్లోనూ ఒకే టీకొట్టు దగ్గర నాలుగూ పదికే ఆగావు. నీ రాకని బట్టి జనం గడియారాలు సరిచేసుకుంటారేమో. దొంగ కూడా సరిచేసుకుంటాడు.

నీ ఎడమచేతి రాత మొదట్నుంచీ వంకరే, అలవాటైపోయింది. కానీ ఇంత లావైందేంటి? పేజీకి ఎనిమిది లైన్లు! పూర్వం పోస్టుకార్డు మీద రామాయణం రాసేవాడివి.

ఆ కాగితం అడుగున చివరి లైను చదివావా? దాని గురించి ఒక్క ముక్కా రాయలేదు. కాస్త బాధేసింది, దాచుకోవడమెందుకు.

నీ
చిన్నమ్మాయి

*

లారీలు తూచే వేబ్రిడ్జి క్యూ, ముందు పద్నాలుగు బండ్లు.
ఏప్రిల్ 15

చిన్నమ్మాయ్,

నువ్వు అడిగినవి నాలుగు. వరసగా చెబుతాను.

ఒకటికి ముక్కు పెడితే ఏడు. దుమ్ములో దానికి ముక్కు మొలిచుంటుంది.

ఆ టీకొట్టాయన నేను రాకపోతే దిగులు పడతాడు. ఒకరి దిగులు తీర్చడం తప్పని ఏ నియమంలో ఉంది?

ప్రేమ ముదిరితే అక్షరాలు లావవుతాయి.

చివరి లైను చదివాను. బాగుంది. కాస్త కటువుగా ఉంది గానీ, ఆఫీసన్నాక ఆమాత్రం కటువు ఉండాలి. శభాష్.

క్యూ కదిలింది. ఉంటాను.

మావయ్య

*

ఇల్లు, వంటగది బల్ల.
మే 22

అమ్మడూ,

పైన అడ్రసు చూసే నీకు అర్థమై ఉంటుంది. పనిదినం మధ్యాహ్నం నేను వంటింట్లో కూర్చుని ఉత్తరం రాస్తున్నానంటే ఒంటికన్నా జబ్బు చేసుండాలి, ఉద్యోగానికన్నా చేసుండాలి. ఒళ్ళు బాగానే ఉంది.

సోమవారం గుండెజబ్బు మందులు వేసుకుని బయల్దేరాను. ఆరువందల నలభై పెట్టెలు. నాలుగూ పదికి టీకొట్టు దగ్గర ఆగాను. తిట్టకు, తిట్టాల్సింది ఇంకా ముందుంది. అక్కడ ఒక కొత్త డ్రైవరు కలిశాడు. "అన్నా, మీరు సీనియర్లు, నా టైర్లు ఎందుకిలా ఒకపక్కే అరుగుతున్నాయో చూసి చెప్పరా" అన్నాడు. నన్ను తిడితే కదలను గానీ సలహా అడిగితే కరిగిపోతాను. కొట్టు ఆవలి వైపున్న వాడి బండి దగ్గర నలభై నిమిషాలు సలహా ఇచ్చాను. వాడు తలూపుతూనే ఉన్నాడు. అంత శ్రద్ధగా వినేవాణ్ణి జీవితంలో చూళ్ళేదు. అప్పుడే అనుమానం రావాల్సింది.

తిరిగొచ్చి బండి చుట్టూ తిరిగాను. సీలు లాగాను, గట్టిగా ఉంది. దాని కింద ముడి మీద చెయ్యి వేశాను. అదే తాడు, అదే ముడి. కానీ నాది కాదు.

బండి నిలిపి ఉంచే ఫోను చేశాను, అదీ రాసుకో. బండ్లని పంపించే డిస్పాచ్ ఆయన ఎత్తాడు.

"సీలుందా?"

"ఉందండీ."

"నంబరు?"

"కాగితం మీదున్నదేనండీ."

"మరింకేంటయ్యా?"

"ముడి నాది కాదండీ."

దానికి అటునుంచి చాలా వినపడింది. "ముడి చూసి బండాపుతావా? రేపు ఎవడో తుమ్మాడని ఆపుతావు, ఎల్లుండి పిల్లి అడ్డమొచ్చిందని ఆపుతావు! ఆస్పత్రులవాళ్ళు నా పీక మీద కూర్చున్నారు. కదులు!"

"నేను కదలనండీ. కావాలంటే మీరొచ్చి తోలుకోండి" అన్నాను. ముప్ఫై ఏళ్ళలో పైవాడికి ఎదురు చెప్పడం అదే మొదలు. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

రెండు గంటలకి యార్డు మేనేజరు వచ్చాడు. సీలు నంబరు చదివాడు, సరిగ్గానే ఉంది. తెంచాడు. పెట్టెలు లెక్కపెట్టించాడు. ఆరువందల నలభై. ఒక్కటి తగ్గితే ఒట్టు. నా మొహం చూడాల్సింది.

సీలు తెంచిన సరుకు విచారణ తేలేదాకా కదలకూడదన్నది నీ పద్నాలుగో నియమమట కదా, మొత్తం తెచ్చి గోదాంలో పెట్టి తాళమేశారు. ఆ కోపం కూడా నా మీదే. సరైన కారణం లేకుండా సరుకు ఆపినందుకు సస్పెన్షను. విచారణ జూన్ ఐదున.

ఒక్క పని మాత్రం చేశాను. ముడి విప్పలేదు. పక్కన తాడు కోసి, ముడిని ముడిలాగే టిఫిన్ డబ్బాలో పెట్టుకున్నాను. మీ అత్తయ్య మూత తీసి "ఇదేం కూర?" అంది.

నాకు పొడుగాయనే గుర్తొస్తున్నాడు. నిన్న యార్డుకి సామాను తెచ్చుకోవడానికి వెళ్తే ఇద్దరు తల తిప్పుకున్నారు.

మావయ్య

*

మా ఇల్లు (ఆఫీసు కాదు).
మే 26

మావయ్యా,

విచారణలో నేను ఉండను. మేనమామ మీద విచారణలో మేనకోడలు కూర్చోకూడదు. ఆ రూలు రాసిందీ నేనే, రాసినందుకు తిట్టుకున్నదీ నేనే.

ఆ డబ్బా మూత తియ్యకు. అత్తయ్యని కడగనివ్వకు.

ఇప్పుడొక మాట అడుగుతాను. నంబరు సరిపోయిందని డిస్పాచ్‌కి చెప్పావు. చదివే చెప్పావా? వాళ్ళు ఇదే అడుగుతారు. నంబరు సరిగ్గా ఉంటే ముడి దగ్గర ఎందుకు ఆగావనీ అడుగుతారు.

చివరి లైను కటువుగా ఉందన్నావు చూడు, నాకు అప్పుడే తెలిసింది. అందులో కటువు లేదు మావయ్యా. నువ్వు అది చదవలేదు. చదవలేక చదవలేదు. సీలు మీద అంకెలు దానికంటే సన్నం. ఎప్పట్నుంచి కనపడట్లేదు?

అందులో ఏముందో ఇప్పుడు చెప్పను. నువ్వే చదవాలి.

విచారణలో జోకులేసి తప్పించుకోకు. విచారణ జరిపే పెద్దావిడకి జోకులు పనిచెయ్యవు. నేను వేసి చూశాను.

చిన్నమ్మాయి

*

ఇల్లు.
మే 30

అమ్మడూ,

రెండేళ్ళయింది. మొదట మందుసీసా మీద రాత పోయింది, తర్వాత పేపరు, తర్వాత సీలు మీద అంకెలు. నీ గుండ్రటి రాత, గుమాస్తా పెద్దంకెలు అయితే చెయ్యి చాచి పట్టుకుని చదువుకోగలను. దూరం మాత్రం బాగా కనపడుతుంది. మైలు దూరంలో గేదె అడ్డమొస్తే దాని కొమ్ము వంకర చెబుతాను. కానీ డ్రైవరు కళ్ళు పోయాయన్న మాట ఒకసారి బయటికొస్తే, ఏ కన్ను, ఎంత దూరం అని ఎవడడుగుతాడు? లైసెన్సు లాక్కుంటారు. నాకు తోలడం తప్ప ఇంకేం వచ్చు?

అందుకే అంకె కాగితం చూసి వేసేవాణ్ణి. ముడిని చేత్తో చూసుకునేవాణ్ణి. వేళ్ళకి వయసు రాలేదు.

ఇది మీ అత్తయ్యక్కూడా తెలియదు. ఈ రాత్రి చెబుతాను. ఐదో తారీకున వాళ్ళకీ చెబుతాను. చెబితే కళ్ళు లేనివాణ్ణి, చెప్పకపోతే అబద్ధాలవాణ్ణి. రెండోది మా నాన్న నేర్పలేదు.

మావయ్య

*

రేవు యార్డు, కాగితాల సంచి పక్కనే.
జూన్ 5

చిన్నమ్మాయ్!

సంచి వెళ్ళడానికి ఇంకా గంటుంది. సంతోషం ఎక్కువైంది కాబట్టి అక్షరాలు ఇంకా లావుగా ఉంటాయి, సర్దుకో.

గదిలో పెద్దావిడ, మేనేజరు, డిస్పాచ్ ఆయన, నేను. ఆవిడ కాగితం మీంచి తలెత్తకుండా అడిగింది. "సీలు నంబరు చదివారా?"

నాలుక చివర రెండు జోకులు తయారుగా ఉన్నాయి. మింగేశాను. "లేదమ్మా. చదవలేను. రెండేళ్ళుగా దగ్గరివి కనపడవు. ఆ కాగితాలన్నీ చూడకుండా నింపినవే. తప్పు నాది."

డిస్పాచ్ ఆయన నవ్వాడు. "చూశారా మేడమ్? అంకె కనపడనాయనకి ముడి కనపడిందట!"

"కనపడలేదండీ, తగిలింది" అన్నాను. "అమ్మా, ఒక తాడుముక్క ఇప్పించండి."

ఫైళ్ళు కట్టే తాడిచ్చారు. కళ్ళు మూసుకుని ఆవిడ ముందే కుర్చీ చేతికి ముడివేశాను. "ఇప్పుడు ఒకరి తర్వాత ఒకరు దీన్ని విప్పి, మళ్ళీ ఇలాగే కట్టండి" అన్నాను.

మేనేజరు విప్పాడు, కట్టాడు. డిస్పాచ్ ఆయన విప్పాడు, కట్టాడు. ఆయన ముడి నాకంటే అందంగా వచ్చింది, ఒప్పుకోవాలి. ఆఖర్న పెద్దావిడ కూడా కట్టింది.

"అమ్మా, మీ ముగ్గురి ముళ్ళూ బాగున్నాయి. తాడు కొస ఎటు ఉంది?"

ఆవిడ వంగి చూసింది. "కుడివైపు."

"నాది చూడండి." ఇంకో కుర్చీకి కట్టాను. కొస ఎడమవైపు.

అప్పుడు చెప్పాను. మా నాన్నది ఎడమచేతి వాటం. నాదీ అదే. మా ఇద్దరి ముడీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. కుడిచేతి వాటమున్నవాడు ఎంత జాగ్రత్తగా చూసి కట్టినా, వాడి చెయ్యి వాడి దారినే పోతుంది. దూడ తప్పిపోయినప్పుడు మా నాన్న ముడి చూసే చెప్పేవాడు, "ఇది మన చెయ్యి కాదురా, ఎవడో విప్పి కట్టాడు" అని.

టిఫిన్ డబ్బా మూత తీశాను. ముగ్గురూ వంగారు. కొస కుడివైపు.

పెద్దావిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. మేనేజరుతో అంది, "పెట్టెలు లెక్కపెట్టారు, సరే. ఒక్కటన్నా విప్పారా?"

"కంపెనీ టేపు వేసుంది మేడమ్..."

"విప్పండి."

అందరం గోదాముకి నడిచాం. ముందు వరస పెట్టెల్లో మందులే. రెండో వరసలోనూ మందులే. మూడో వరసలో మొదటి పెట్టె కోస్తే, అమ్మడూ, ఇసుక! ఇసుక చూసి అంత సంబరపడ్డవాడు ఈ భూమ్మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను. తొంభై పెట్టెలు తేలాయి.

డిస్పాచ్ ఆయన చాలాసేపు ఆ ఇసుక వంకే చూశాడు. నా దగ్గరికొచ్చి, "నేను కదలమన్నాను. నువ్వు కదిలుంటే ఇది ఆస్పత్రికి పోయేది" అన్నాడు. "ఈసారి ఎవరన్నా తుమ్మినా చెప్పు, ఆపిద్దాం" అన్నాడు. పాపం మంచివాడే. తొందరవాడు, అంతే.

నేను గోదాము గేటు దాటి యార్డులోకి వస్తుంటే ఒక బండి హారను కొట్టింది. తర్వాత పక్కది. తర్వాత యార్డు యార్డంతా. మొత్తం ముప్ఫై రెండు బండ్లు. యార్డులో హారను కొట్టకూడదన్నది నీ పదకొండో నియమం కాబట్టి ముప్ఫై రెండు తప్పులు. రాసుకో.

మావయ్య

*

భద్రతా విభాగం.
జూన్ 27

మావయ్యా,

నీ ఉత్తరం ఈసారి మీటింగులో గట్టిగా చదివి వినిపించాను. దగ్గు నటించలేదు. పక్కాయన కూడా నవ్వాడు.

దొరికారు! ఒకే నంబరుతో సీళ్ళు జతలుగా చేయించినవాడు మన సీళ్ళ గది గుమాస్తానే. ఒకటి బండికి, రెండోది వాడి మనుషులకి. టైర్ల సలహా అడిగిన నీ శిష్యుడూ దొరికాడు. వాళ్ళ షెడ్డులో నీ తొంభై పెట్టెలూ భద్రంగా ఉన్నాయి. మొన్ననే ఆస్పత్రులకి చేరాయి. నీ టీ టైము వాళ్ళ పుస్తకంలో రాసి ఉంది మావయ్యా. నాలుగూ పది.

పోయినేడు పొడుగాయన బండి మీద కూడా ఇదే జత సీలు. ఆయన్ని తిరిగి రమ్మని, ఇన్నాళ్ళ జీతంతో సహా, ఉత్తరం వెళ్ళింది. క్షమాపణ కూడా రాయించాను. మొదటి మూడు చిత్తులూ చించేశాను, సరిపోలేదని.

నీ కళ్ళ పరీక్ష కాగితం వచ్చింది. దూరపు చూపుకి ఢోకా లేదు. దగ్గరికి అద్దాలు. లైసెన్సు నీదే, సస్పెన్షనూ రద్దయింది. నలభై దాటిన డ్రైవర్లందరికీ యార్డులోనే పరీక్ష చేయించాను. అరవై ముగ్గురిలో పందొమ్మిది మందికి సీలు మీద నంబరు కనపడట్లేదు! అందరూ నీలాగే కాగితం చూసి రాస్తున్నారు. అంకెల సైజు ఎవరు ఖరారు చేశారో తెలుసా? నేనే. ముప్ఫై ఏళ్ళదాన్ని, నాకు కనపడ్డాయి కదా అనుకున్నాను. కొత్త సీళ్ళ మీద వేలెడంత అంకెలు వస్తున్నాయి.

తప్పుడు కాగితాలకి మాత్రం నీకు హెచ్చరిక మెమో ఉంది. సంతకం నాదే. మేనమామవైతే ఏంటి.

ఇరవైఒకటో నియమం వచ్చింది: సీలు కింద ప్రతి డ్రైవరూ తన సొంత గుర్తుతో ముడి కట్టాలి, ఆ గుర్తు ఎవరికీ చెప్పకూడదు. ఇంకెవరికి తెలుసు, నువ్వే వచ్చి నేర్పాలి. పెద్దావిడ పట్టుబట్టింది.

కళ్ళజోడు ఈ సంచిలోనే పంపుతున్నాను. పెట్టుకుని ముందు ఏం చదవాలో నీకు తెలుసు.

చిన్నమ్మాయి

*

బండి సీటు, ఇంజను ఆపే ఉంది.
జులై 3

చిన్నమ్మాయ్,

అక్షరాలు చూశావా? పేజీకి ఇరవైఆరు లైన్లు. కాగితం ఆదా.

నిన్న అరవై మందికి ముడి నేర్పాను. ఆ డ్రైవర్లకి ఎన్నేళ్ళ అనుభవమున్నా, కళ్ళు మూసుకోమంటే అందరూ చిన్నపిల్లల్లా నవ్వుతారు. మొదటి బెంచీలో పొడుగాయన కూర్చున్నాడు. క్లాసయ్యాక దగ్గరికెళ్ళాను. "అప్పుడు నేనూ తల తిప్పుకున్నాను" అన్నాను. ఆయన తాడు ముడేసి నా చేతిలో పెట్టి, "మాటలొద్దు గానీ, ఇది ఎవరి ముడో చెప్పు" అన్నాడు. తడిమి, "నీదే" అన్నాను. "ఇకమీద మర్చిపోకు" అన్నాడు. ఇద్దరం టీకి వెళ్ళాం. కొత్త కొట్టుకి, వేరే టైముకి. టీ అస్సలు బాగోలేదు. భద్రతంటే ఇలాగే ఉంటుంది కాబోలు.

నీ మెమో అందింది. అద్దాలు పెట్టుకున్నాక నేను చదివిన మొట్టమొదటి సన్నక్షరాలు అవే. పటం కట్టించమని మీ అత్తయ్యకిచ్చాను.

తర్వాత బండెక్కి స్టీరింగు పక్కన కాగితం చదివాను. పైనుంచి కాదు, కిందనుంచి. ఐదు నెలలుగా నా మోచెయ్యి తగులుతూ ఉన్న లైను.

"ఎక్కేముందు బండి చుట్టూ ఒకసారి తిరిగిరా. అప్పుడు తిరిగితే తర్వాత ఆస్పత్రుల చుట్టూ తిరగక్కర్లేదు. (నాకు సైకిలు నేర్పిన డ్రైవరు మాట.)"

ఆ మాట ఎప్పుడన్నానో గుర్తు లేదమ్మడూ. నీకప్పుడు ఏడేళ్ళుంటాయేమో, సైకిలెక్కే ముందు దాని చుట్టూ తిరిగి గంట కూడా తట్టి చూసేదానివి. నేను నేర్పింది రెండే నియమాలనుకున్నాను. మూడోది నువ్వు దాచిపెట్టావు. నా మాటనే నా మొహం ముందు అంటించుకుని, ఐదు నెలలు నేనే ఎగతాళి చేశాను.

కటువుగా ఉందన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. చెప్పినాయన ఎవరో గానీ గట్టివాడే.

సంచివాడు వచ్చాడు, ఉత్తరం అడుగుతున్నాడు. మళ్ళీ గుండెమందులే, ఆరువందల నలభై పెట్టెలు. సీలు నంబరు చదివాను. ఒకటి ఒకటిలాగే ఉంది, ముక్కు లేదు. ముడి కట్టాను. చుట్టూ తిరిగొచ్చాను.

ఇక బయల్దేరతాను.

మావయ్య